ఇల్లు కురిసిన రాత్రులు

తుఫాను వస్తోందంటే ఇప్పుడు ఖరగ్‌పూర్‌లోని పూరీ గేట్ దగ్గర జనం ముందు ఫోను చార్జింగు చూసుకుంటారు. మోటారు వేసి ట్యాంకు నింపుతారు, రెండు రోజులకు సరిపడా కూరలు, బ్రెడ్డు, కొవ్వొత్తులు తెచ్చిపెట్టుకుంటారు. 2024 అక్టోబరులో దానా తుఫాను ఒడిశాలో భితర్‌కనికా, ధామ్రా మధ్య తీరం దాటిన రాత్రి కూడా ఖరగ్‌పూర్‌లో ఇదే తంతు. రైళ్లు రద్దయ్యాయి, బడులకు సెలవులిచ్చారు, టీవీలు రాత్రంతా మోగాయి. నిచ్చెన కావాలని మాత్రం ఎవరూ పక్కింటి తలుపు తట్టలేదు.

ఆ నిచ్చెన ఒకప్పుడు వీధి మొత్తానికి ఆస్తి. రెండు నిలువు వెదుళ్లు, మధ్యలో తాడుతో బిగించిన అడ్డకర్రలు. అది ఎవరి పెరట్లో పడి ఉందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రేడియోలో వాయుగుండం మాట వినబడగానే ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టేది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల పెంకుటిళ్లలో కార్తీక మార్గశిరాల గాలివానకు కాచుకోవడం ఏ ఒక్కరివల్లా అయ్యే పని కాదు. ఆ పెంకులతోపాటు ఆ పనితనమూ, ఒకరి కప్పు మీదికి ఇంకొకరు ఎక్కే చనువూ వెళ్లిపోయాయి. ఎలా ఉండేదో చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నప్పుడే చెప్పుకోవాలి.

*

స్టేషన్ వైపు నుంచి ఐఐటీకి వెళ్లే దారి ఒడిశా వైపు పోయే పట్టాలను దాటే చోటు పూరీ గేట్. ఇప్పుడక్కడ ఫ్లైఓవర్ ఉంది. గేటు ఉన్న కాలంలో గేటు పడిందంటే సైకిళ్లు, రిక్షాలు, డ్యూటీకి పోయేవాళ్లు, బజారు నుంచి వచ్చేవాళ్లు అందరూ ఆగాల్సిందే. వానలో గొడుగులు ఒకదానికొకటి తగులుతూ నిలబడే ఆ కాసేపట్లోనే ఊరి కబుర్లు చేతులు మారేవి. పూరీ, వాల్తేరు, మద్రాసు బండ్లన్నీ ఆ దారినే పోయేవి. అక్కడ నిలబడ్డవాళ్లలో చాలామందికి సొంతూరు కూడా ఆ పట్టాల వెంటే, ఇచ్ఛాపురం దాటాక ఉంది.

వాళ్ల తాతలు వచ్చింది ఆ దారినే. బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) 1887లో ఏర్పడింది. తూర్పు తీరం వెంట వేసిన లైనులో ఉత్తర భాగం 1902లో దాని చేతికి వచ్చింది. ఖరగ్‌పూర్‌లో జంక్షనూ, పక్కనే పెద్ద వర్క్‌షాపూ లేచాయి. అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువాళ్లు ముందు కూలీలుగా, ఖలాసీలుగా, ఆ తర్వాత ఫిట్టర్లుగా, బాయిలర్ మేకర్లుగా, ఫైర్‌మన్లుగా వచ్చి కుదురుకున్నారు. నీంపురా, మథురాకాటి లాంటి పేటల్లో ఇప్పటికీ శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది.

ఉద్యోగం ఉన్నన్నాళ్లు చాలామందికి రైల్వే క్వార్టరే ఇల్లు. కప్పు కారితే ఐ.ఓ.డబ్ల్యూ. (ఇన్‌స్పెక్టర్ ఆఫ్ వర్క్స్) ఆఫీసులో కంప్లెయింట్ పుస్తకం ఉండేది. అందులో రాసి వస్తే ఖలాసీలు నిచ్చెనతో వచ్చేవారు. రిటైరయ్యాక క్వార్టరు వదలాలి. ప్రావిడెంట్ ఫండ్ డబ్బు చేతికొచ్చాక కొందరు ఊరికి మళ్లారు. పిల్లలు ఇక్కడే పనుల్లో కుదిరినవాళ్లు రైల్వే హద్దు బయట కాస్త జాగా కొనుక్కుని గోడలు లేపుకున్నారు. గోడలు లేచేసరికే డబ్బు అయిపోయేది. అందుకే పైన పెంకు. మరీ కటకటగా ఉంటే ముందు గడ్డికప్పు, రెండు మూడేళ్లకు పెంకు. జీవితమంతా ఇంజన్లకు మరమ్మతు చేసిన మనిషి అరవై దగ్గర పడ్డాక తన ఇంటి కప్పుకు తానే మేస్త్రి అయ్యేవాడు.

*

నాటు పెంకు చూడటానికి సాదాగా ఉంటుంది. కుమ్మరి సారె మీద మట్టిని గొట్టంగా లేపి, పచ్చిగా ఉండగానే నిలువునా చీల్చి, ఆరబెట్టి, ఆవంలో కాలిస్తే ఒక గొట్టానికి రెండు పెంకులు. ఒక కొస కాస్త వెడల్పు, రెండో కొస ఇరుకు. దూలం మీద వాసాలు, వాసాల మీద వెదురు బద్దలు కట్టిన పెనక, దాని మీద పెంకులు. ఒక వరస వెల్లకిలా, రెండు వరసల సందును మూస్తూ ఇంకో వరస బోర్లా. నేత ఎప్పుడూ చూరు దగ్గర మొదలై కొప్పు దాకా పైకి పోవాలి. పై పెంకు కింది పెంకు మీదికి నాలుగు వేళ్లు ఎక్కాలి. మేకు లేదు, బంక లేదు. పెంకు బరువే పెంకును పట్టి ఉంచుతుంది. కొప్పు మీద మాత్రమే సున్నం.

వాన నిటారుగా పడితే ఈ కప్పు చుక్క వదలదు. చిక్కంతా గాలితోనే. గాలి అడ్డంగా కొట్టినప్పుడు నీళ్లు వాలున దిగకుండా పెంకుల అతుకుల్లోకి ఎగదన్నుతాయి. చూరు కిందికి దూరిన గాలి పైనున్న పెంకును లేపుతుంది. ఒక్క పెంకు జారితే దాని పక్కది వదులవుతుంది, తెల్లారేసరికి చాటంత కంత. బంగాళాఖాతంలో తుఫాన్లకు రెండు రుతువులు: ఏప్రిల్, మే ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకొకటి. రెండో రుతువులో పుట్టినవి చాలాసార్లు ఉత్తరానికి మలుపు తిరిగి ఒడిశా, బెంగాల్ వైపు వస్తాయి. తీరానికి దూరంగా ఉన్నా ఖరగ్‌పూర్‌కు వాటి గాలి, రోజుల తరబడి ముసురు తప్పవు. సంక్రాంతి దాటాక మాఘంలో ఇంకో వాన పడుతుంది. అది సముద్రం వైపు నుంచి కాదు, పడమటి నుంచి. ఒక్కోసారి వడగళ్లు కూడా. వడగళ్ల కంటే కొండముచ్చుల బెడద ఎక్కువని అనేవాళ్లూ ఉన్నారు. మేదినీపూర్ జిల్లాలో వాటికి కొదవలేదు. ఒక గుంపు కప్పు మీదుగా దూకుతూ పోతే వీధిలో నాలుగిళ్లకు పని తగిలేది.

కాస్త చేతిలో డబ్బు ఆడేవాళ్లు నాటు పెంకు వదిలి బల్లపరుపు పెంకు వేయించారు. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ మొదటి కార్ఖానా పెట్టినప్పటి నుంచి దేశమంతా పాకిన రకం అది. ఒక పెంకు అంచు ఇంకో పెంకు గాడిలో కూర్చుంటుంది. బెంగాల్‌లో రాణీగంజ్ పెంకుకూ మంచి పేరుండేది. గాలికి ఇవి నాటు పెంకుల కంటే గట్టిగా నిలబడేవి, కానీ ఒకటి పగిలితే అదే కొలతది దొరకాలి. నాటు పెంకుకు ఆ బాధ లేదు. ఏ కుమ్మరి చేసినదైనా ఇంకో కుమ్మరి పెంకు పక్కన సర్దుకుంటుంది.

*

పెద్ద మరమ్మతు వానల ముందు, జ్యేష్ఠంలో. దసరాకు రావణ దహనం అయ్యాక చిన్న మరమ్మతు. ఈ చిన్న మరమ్మతు ఎంత శ్రద్ధగా జరిగితే చలికాలం అంత సుఖంగా గడిచేది. వర్క్‌షాపుకు సెలవైన ఆదివారం చూసుకుని పొద్దున్నే చద్దన్నం తిని మొదలుపెట్టేవారు. గడ్డికప్పులకు బెంగాలీ ఘరామీలను పిలిచేవారు. వరిగడ్డి పరవడంలో వాళ్ల చేతికి తిరుగులేదు. పెంకు పని మాత్రం ఎక్కువగా ఇంటి మగవాళ్లూ, పక్కింటివాళ్లూ కలిసి చేసుకునేదే.

ఎక్కేది ఎప్పుడూ వీధిలో తేలికపాటి కుర్రాడు. కింద నుంచి పెద్దవాళ్ల కేకలు: "వాసమ్మీద అడుగెయ్రా గుంటడా, పెంకు మీద కాదు!" వాడు వాసం ఎక్కడుందో పాదంతోనే తెలుసుకోవాలి. పక్కింటి బెంగాలీ మాసీమా వాకిట్లోకి వచ్చి ఊపిరి బిగబట్టి "ఆస్తే, ఆస్తే" అనేది. తల్లి మాత్రం పైకి చూసేది కాదు.

పెంకులు వరసగా తీసి చేతి నుంచి చేతికి దింపేవారు. కింద కూర్చున్న పెద్దాయన ఒక్కో పెంకునూ ఎడమ అరచేతిలో నిలబెట్టి కుడి వేలి కణుపుతో తట్టేవాడు. మంచి పెంకు ఖంగుమంటుంది. కంటికి కనబడని చీలిక ఉంటే బొద్దుగా, చచ్చిన శబ్దం చేస్తుంది. ఖంగుమన్నవి ఒక కుప్ప, బొద్దుగా పలికినవి ఇంకో కుప్ప. నాచు పట్టినవాటిని కొబ్బరిపీచుతో రుద్ది పక్కన పెట్టేవారు. పైన పెనకలో పుచ్చిన బద్ద ఉంటే ఊడదీసి కొత్తది కట్టాలి. అందుకోసం వెదురును ముందే కొన్ని వారాలు చెరువు నీళ్లలో నానవేసేవారు. అలా నానిన వెదురుకు పురుగు తొందరగా పట్టదు. మొత్తం తట్టడం, తుడవడం, మళ్లీ నేయడం అయ్యేసరికి పొద్దు వాలేది. సాయం వచ్చినవాళ్లకు కూలి లేదు, భోజనమే. మళ్లీ ఆదివారం వాళ్ల కప్పు.

వర్క్‌షాపు పని నేర్పిన ఒడుపులు ఈ కప్పుల మీద కనబడేవి. ఆ రోజుల్లో చెక్క బోగీల పైకప్పుకు కాన్వాస్ గుడ్డ బిగించి, మీద మందంగా రంగు పట్టించి నీరు దిగకుండా చేసేవారు. క్యారేజ్ షాపులో ఆ పని చేసిన మనిషి ఇంటి దగ్గర గోనెపట్టాకు తారు పట్టించి, రెండు కప్పులు కలిసే లోయలో పరిచేవాడు. రేకు పనివాడైతే డాల్డా డబ్బా కోసి, అంచులు మడిచి, పగిలిన పెంకు కిందికి జరిపేవాడు. పెంకు మార్చే తీరిక దొరికేదాకా ఆ రేకు నీటిని కింది పెంకు మీదికి చేరవేస్తుంది. ఇంజనీర్లు గీసిన పెద్ద యంత్రాలను నిలబెట్టిన చేతులవి. వాటి నేర్పు ఇంటి చూరు దాకా వచ్చిందంటే ఆశ్చర్యం లేదు కానీ, ఆ నేర్పు గురించి ఎక్కడా రాసిపెట్టినవాళ్లు తక్కువ.

*

ఇంత చేసినా గాలివాన రాత్రి ఇల్లు కురిసేది.

మొదటి చుక్క ఎక్కడ పడుతుందో ఇంటి ఇల్లాలికి తెలుసు. గత ఏడు ఎక్కడ కురిసిందో అక్కడికి సత్తుగిన్నె ముందే చేరేది. తర్వాత ఇత్తడి చెంబు, ఇనప బాల్చీ, ఆఖరికి అన్నం తినే కంచాలు. ఒక్కో దాని మోత ఒక్కో తీరు. గిన్నె సగం నిండగానే చప్పుడు మారిపోతుంది, ఆ మారిన చప్పుడుకు మెలకువ వచ్చి పారబోయాలి. బియ్యం డబ్బా, ట్రంకుపెట్టె, దేవుడి పటాలు, రేషను కార్డు ఉన్న సంచి అన్నీ గదిలో కురవని మూలకు చేరేవి. పిల్లల్ని నిద్ర లేపకుండా మంచంతో సహా జరిపేవారు. లాంతరు చిమ్నీ మీద చల్లని చుక్క పడితే టప్పున పగులుతుంది, అందుకని దానిపైన మూకుడు వేలాడదీసిన ఇళ్లుండేవి.

మగమనిషి ఇంట్లో ఉంటే పొడవాటి వెదురుకర్ర తీసుకుని లోపలి నుంచే మరమ్మతుకు దిగేవాడు. చీకట్లో లాంతరు ఎత్తి పట్టుకుంటే, తడి మెరిసే చోటు చూసి, కర్ర కొసతో పెంకును మెల్లగా పైకి ఎత్తి అంగుళం జరిపేవాడు. సరిగ్గా జరిగితే ధార ఆగుతుంది. ఎక్కువ జరిగితే కొత్త కంత. చేతికి పెంకు బరువు తెలిసినవాడే ఆ పని చెయ్యాలి.

కానీ రైల్వే ఇంట్లో మగమనిషి ఉంటాడన్న నమ్మకమేమిటి? ఫైర్‌మన్ అయితే ఏ రన్నింగ్ రూములోనో ఉంటాడు. గ్యాంగ్‌మన్ అయితే అలాంటి రాత్రే లైను మీద గస్తీ తిరగాలి. గాలివాన ఎంత పెద్దదైతే అతను ఇంటికి అంత దూరం. అలాంటప్పుడు కర్ర పట్టుకునేది భార్యే. ధార ఆగకపోతే గోడ మీద చేత్తో బాదితే పక్కింటి మనిషి గోనెసంచి నెత్తిన ముసుగేసుకుని వచ్చేవాడు. ఆ పిలుపుకు వేళాపాళా లేదు. "వదినా, లాంతరిలా పట్టు" అంటూ సొంతింట్లో తిరిగినట్టే తిరిగి, పెంకు సర్ది, తన ఇంట్లో కురుస్తున్న గిన్నెల దగ్గరికి వెళ్లిపోయేవాడు.

ముసురు రెండో రోజుకు సాగితే వంట కష్టం. బొగ్గు పొడి, మట్టి కలిపి ఉండలు చుట్టి ఎండబెట్టిన గుల్ ఇంధనంగా వాడే ఇళ్లలో, గుల్ తడిస్తే పొయ్యి రాజుకోదు. ఇనప బాల్చీకి లోపల మట్టి మెత్తి చేసిన పొయ్యిని వసారాలోంచి గది మధ్యకు తెచ్చేవారు. చుట్టూ పిల్లలు చేతులు చాపి కూర్చునేవారు. ఆ పూట ఉలవచారో, ఎండుచేపల పులుసో. పక్కింట్లో ఖిచురీ. గిన్నెలు గోడ మీదుగా అటూ ఇటూ పోయేవి. ఆ ఇంటి ఖిచురీ రుచి ఈ ఇంటి పిల్లలకు వానతో ముడిపడిపోయింది.

అన్నిటికన్నా తిప్పలు పెట్టింది దుప్పట్లూ బొంతలూ. డిసెంబరు చలిలో దూదిబొంత తడిస్తే నాలుగు రోజులకూ ఆరదు. దండెం మీద బరువుకు తాడు తెగుతుంది. వాసన పడుతుంది. పిల్లలకు దగ్గు పట్టుకుంటుంది. ముసురు విడిచాక దూది ఏకే ధునూరి ఎప్పుడొస్తాడా అని చూసేవారు. భుజాన పెద్ద విల్లు, దాని తీగ మీద కొట్టే టంగ్ టంగ్ చప్పుడు వీధి మొదట్లోనే వినబడేది. గడ్డకట్టిన దూదిని ఏకి, పొంగించి, మళ్లీ కుట్టించేవారు. ఎర్రగుడ్డ వేసిన బొంతలు వాకిళ్లలో పరిస్తే వీధిలోకి చలికాలం నిజంగా వచ్చినట్టు.

*

మేదినీపూర్ జిల్లాలో తుఫాను అంటే పెద్దలు 1942 అక్టోబరు 16ను చెప్పేవారు. దుర్గాపూజ రోజులు. కాంతీ, తమ్లుక్ వైపు సముద్రం ఊళ్ల మీద పడింది. వేలమంది పోయారు. యుద్ధం నడుస్తోంది, క్విట్ ఇండియా ఉద్యమం నడుస్తోంది, మరుసటి ఏడు కరువు. ఆ తరంవాళ్లకు ఆకాశం పచ్చబారితే కలిగే గుబులు వేరు.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు గుబులు రెండు చోట్ల. తమ కప్పు ఒకటి, ఊళ్లో అమ్మానాన్నల కప్పు ఇంకొకటి. గాలి ఎటు మళ్లుతోందని రేడియోకు చెవులప్పగించేవారు. కళింగపట్నం వైపు అంటే ఒక ఇంట్లో ఏడుపు, పారాదీప్ వైపు అంటే ఇంకో ఇంట్లో ఊరట. ఉత్తరం వచ్చేదాకా, పాస్ మీద ఎవరైనా వెళ్లి చూసివచ్చేదాకా ప్రాణం కుదుటపడేది కాదు. ఫోన్లు వచ్చాక కూడా ఆ గుబులు పోలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టినప్పుడు సెల్ టవర్లూ కరెంటూ పోయి, మళ్లీ అదే పాత ఎదురుచూపు.

గాలివాన ఒక్కటే కాదు, జీతం ఆగిపోవడం కూడా కప్పుకు దెబ్బే. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో సమ్మె, ఆ వెనకే లాకౌట్ జరిగాయి. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి బి.ఎన్.ఆర్. కార్మిక సంఘాన్ని నడిపిన నాయకుల్లో ఒకరు. 1974లో దేశమంతా రైల్వే సమ్మె జరిగింది మే నెలలో. సరిగ్గా వానల ముందు పెంకులు తిరగేసే రోజులవి. డబ్బు ఆడని ఏడు ఇంట్లో ముందు వాయిదా పడేది కప్పు పనే. ఆ వాయిదా ఖరీదు కార్తీకంలో తెలిసేది.

పగిలిన పెంకును పారేసినవాళ్లు లేరు. పిల్లలకు అది తొక్కుడుబిళ్ల. పొడి చేస్తే గిన్నెలు తోమడానికి. మెత్తగా దంచితే సున్నంలో కలిపే సుర్కీ. పుచ్చిన వాసాలూ, తీసేసిన వెదురు బద్దలూ పెరట్లో ఓ మూల పోగుపడి భోగి దాకా ఆగేవి. దసరా మరమ్మతులో దిగిన కట్టె భోగి మంటలో కాలేది. అదే రోజుల్లో చుట్టుపక్కల పల్లెల్లో టుసు పండగ పాటలు, బెంగాలీ ఇళ్లలో పిఠా పిండివంటల ఘుమఘుమ. ఆ మంట దగ్గరికి అందరూ వచ్చేవారు.

*

మార్పు ఒక్కసారిగా రాలేదు. ముందు వసారాకు ఆస్‌బెస్టాస్ రేకు వచ్చింది. తర్వాత ఇంటి మొత్తానికి. రేకుకు పెనక అక్కర్లేదు, నేత అక్కర్లేదు, నాలుగు కొక్కెం బోల్టులు బిగిస్తే చాలు. వేసవిలో నిప్పుల కొలిమి. బోల్టు చుట్టూ వాషరు వదులైతే ధార. పైగా అది ఆరోగ్యానికి చేటని ఎవరూ చెప్పలేదు. ఆస్‌బెస్టాస్ అన్ని రకాలూ క్యాన్సరు తెస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. చాలా దేశాలు నిషేధించాయి. మన దేశంలో గనులు ఆగిపోయినా బయటి నుంచి తెచ్చిన ముడిసరుకుతో రేకుల తయారీ సాగుతూనే ఉంది. పెంకును తట్టి చూసిన చేతులే, ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా ఆ రేకును రంపంతో కోశాయి. ఈ మార్పులో అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇదే.

తర్వాత స్లాబు. వేతన సంఘాల బకాయిలు చేతికొచ్చినప్పుడల్లా వీధిలో ఒకటో రెండో స్లాబులు పడేవి. కొడుకులు ఖరగ్‌పూర్ దాటి పోయి ఉద్యోగాల్లో చేరాక మిగిలినవీ పడ్డాయి. పొయ్యిలో బొగ్గు పోయి గ్యాసు వచ్చింది. వచ్చి తీరాలి, ఎందుకంటే స్లాబు కింద బొగ్గుపొగ బయటికి పోదు. పెంకుల సందుల్లోంచి ఆ పొగ నెమ్మదిగా వెళ్లిపోయేది. పోతూ పోతూ వాసాలకూ వెదురుకూ మసి పట్టించి పురుగు పట్టకుండా కాపాడేది. పొయ్యి, కప్పు ఒకదానికొకటి ఆసరాగా ఉన్న ఏర్పాటు అది. ఒకటి పోతే రెండోది నిలవలేదు.

లాభం ఎవరికి, నష్టం ఎవరికి అని అడిగితే జవాబు ఇంట్లోనే రెండుగా చీలుతుంది. ఆ రాత్రుల గురించి మగవాళ్లు కప్పు ఎక్కిన సంగతి చెబుతారు. ఆడవాళ్లు తుడిచిన నీళ్ల సంగతి చెబుతారు. నెలల పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని గిన్నెలు మార్చిన రాత్రి ఏ ఇల్లాలికీ తియ్యని జ్ఞాపకం కాదు. 2019 మే 3న పూరీ దగ్గర తీరం దాటిన ఫోని ఆ అర్ధరాత్రి దాటాక ఖరగ్‌పూర్ మీదుగానే బెంగాల్‌లోకి వచ్చింది. 2021 డిసెంబరులో జవాద్ నీరసించి వానగా మారి దక్షిణ బెంగాల్ బంగాళాదుంప పొలాలను ముంచింది. ఆ రాత్రుళ్లు స్లాబు కింద పిల్లలు పొడిగా నిద్రపోయారు. దీన్ని చిన్న లాభమనడానికి ఎవరికీ నోరు రాకూడదు. దుప్పటి పొడిగా ఉండటమనేది తరాలపాటు కోరుకున్న భాగ్యం.

నష్టం వేరేచోట ఉంది. బెంగాల్‌లో పాత మిద్దెల మీద జల్‌ఛాద్ వేసేవారు. ఇటుకముక్కలు, సుర్కీ, సున్నం కలిపి, బెల్లపుమడ్డి, మెంతులు నానిన నీళ్లు చల్లుతూ, ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్కసుత్తులతో రోజుల తరబడి బాదేవారు. దెబ్బ తప్పకుండా పాట ఉండేది. అలా బాదిన కప్పులు దశాబ్దాలు నిలిచాయి. ఆ పాటలు ఇప్పుడు సేకరణల్లో ఉన్నాయి, పరిశోధకులు రాసుకున్నారు. పెంకు నేసిన తెలుగు ఫిట్టర్ల పనితనానికి ఆ పాటి గుర్తింపు కూడా దక్కలేదు. అది పని కింద లెక్కకు రాలేదు, ఆదివారపు సాయం కింద పోయింది. పెంకును తట్టి చెప్పగలిగిన ముసలివాళ్లు ఖరగ్‌పూర్‌లో ఇంకా కొందరున్నారు. వాళ్ల దగ్గర కూర్చుని, ఏ వాలుకు ఎన్ని వేళ్ల ఎక్కింపు, ఏ కట్టు ఎలా కట్టాలి అని రాసుకోవాల్సిన పని తెలుగువాళ్లది. అక్కడి తెలుగు పిల్లలు బడిలో చదివే భాష ఏదైనా, ఆ రాత ముందు తెలుగులో ఉండాలి.

స్లాబు కురవదా అంటే కురుస్తుంది. ఇరవై ముప్పై ఏళ్లు పైబడినవి ఇప్పుడు చెమ్మగిల్లుతున్నాయి. పైన నీళ్లు పోయే గొట్టానికి ఆకులూ ప్లాస్టిక్ సంచులూ అడ్డుపడితే మడమల లోతు నిలుస్తాయి, మెల్లగా లోపలికి దిగుతాయి, ఇనుము తుప్పుపట్టి కింద పెచ్చులూడతాయి. పెంకుటింట్లో చుక్క ఎక్కడ పడితే తప్పు దాని పైన, కొప్పు వైపు ఒకటి రెండు పెంకుల్లోనే ఉండేది, కర్రతో ఎగదోసి పట్టుకోవచ్చు. స్లాబులో మరక ఒక గదిలో, నీరు దిగే పగులు ఇంకో గది పైన. తాపీమేస్త్రి వచ్చి గోడ మీద చెయ్యి వేసి చూస్తాడు, మెట్లెక్కి పైన చూస్తాడు. ముందు ఒక కోటు కెమికల్ వేసి వచ్చే వానకు చూద్దామంటాడు. ఇంటివాళ్లు సరేనంటారు, బకెట్టు ధర అడుగుతారు.